మా జేజి ఇందిరమ్మ, మా నాయన ఇందిరాగాంధీ

మా ఇంట్లో ఇద్దరు ఇందిరాగాంధీలు ఉండేవాళ్లు. ఒకామె మా జేజి (నాయనమ్మ) చెప్పే ఇందిరమ్మ, ఇంకొకామె మా నాయన చెప్పే ఇందిరాగాంధీ. జేజి ఏనాడూ పూర్తి పేరు పలకలేదు. "ఇందిరమ్మ" అనేది, లేదంటే "ఆయమ్మ" అనేది, పై వీధిలోని పెద్దింటి కోడలి గురించి చెప్పినట్టు. నాయన మాత్రం "ఇందిరాగాంధీ" అని పొడిపొడిగా, కోర్టు వరండాలో బంట్రోతు పేరు పిలిచినట్టు అనేవాడు. ఇద్దరూ మాట్లాడేది ఒకే మనిషి గురించి అని నాకు అర్థమయ్యేసరికి మూడో తరగతికో నాలుగో తరగతికో వచ్చుంటాను.

ఇప్పుడిదంతా ఎందుకంటే, ఏటా ఆమె చనిపోయిన రోజు, అక్టోబరు 31, వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో కొట్లాట మొదలవుతుంది. ఒకడు ఆమె ఫొటో దుర్గాదేవి పక్కన పెడతాడు, ఇంకొకడు అదే ఫొటో హిట్లర్ పక్కన పెడతాడు, నడుమ ఎవరో సంబంధం లేకుండా గుడ్ మార్నింగ్ పూలు పెడతారు. దుర్గ అన్నవాడు ఎమర్జెన్సీ ఊసెత్తడు, హిట్లర్ అన్నవాడు మా జేజి పట్టా ఊసెత్తడు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను, కర్నూల్లో ఉద్యోగం చేసుకునేవాణ్ని. కానీ ఆమె గురించి మాట్లాడే హక్కు మన సీమవాళ్లకు మిగతావాళ్లకంటే పిసరంత ఎక్కువే ఉందని నా నమ్మకం. ఆమె ఎవరెవరిని పక్కకు తోసి పైకి పోయిందో వాళ్లలో పెద్ద తలకాయ అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. ఆమె పార్టీకి అధ్యక్షుడిగా ఉంటూ చనిపోయినాయన కర్నూలు పక్కన పెద్దపాడు మనిషి. చివర్లో ఆమె ఢిల్లీ నుంచి పంపిన ముఖ్యమంత్రి మళ్లీ కర్నూలు మనిషే.

ముందు పట్టా సంగతి చెప్తా.

జేజికి ఒక ట్రంకు పెట్టె ఉండేది. మూత తీస్తే కిర్రుమనేది, లోపల కర్పూరం, పాత గుడ్డల వాసన. అడుగున, పెళ్లినాటి చీర మడత మధ్యలో, డీకేటీ పట్టా, అంటే భూమిలేనివాళ్లకు సర్కారు భూమి ఇస్తూ రాసిచ్చే కాయితం. మడతలు పడిన చోటల్లా చిరిగిపోతే మైదా జిగురుతో వెనక పాత లుంగీ ముక్క అంటించి ఉంటుంది. ఊదా రంగు ముద్ర సగం చెదిరిపోయింది. ఎకరా డెబ్బై సెంట్లు, జేజి పేరు మీద, 1976 నాటిది. మా జేజినాయన (తాత) అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా ఒక ఆసామి ఇంట్లో జీతానికి ఉన్నాడు. జీతమంటే నెలజీతం అనుకునేరు, ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక జత చెప్పులు, ఒక కంబళి, అంతే. అలాంటి ఇంటికి, ఆడమనిషి పేరు మీద, సర్కారు ముద్రతో కాయితం వచ్చింది. భూమి ఏం గొప్పది కాదు, గుట్ట వారన రాళ్ల నేల. పారతో ఒక వేటు వేస్తే రెండు రాళ్లు లేచేవి. ఆ రాళ్లు ఏరి గట్టు పోయడానికే మూడేళ్లు పట్టిందని జేజి చెప్పేది. తర్వాత అందులో కొర్రలు, ఆముదాలు పండించారు.

ఆ కాయితం వచ్చింది ఎమర్జెన్సీ మధ్యలో, ఇరవై సూత్రాల కార్యక్రమం కింద. ఎమర్జెన్సీ పెట్టిన ఆరు రోజులకే, 1975 జులై 1న, ఇందిరాగాంధీ ఆ ఇరవై సూత్రాలు ప్రకటించింది. భూమిలేని వాళ్లకు భూమి, ఇళ్ల స్థలాలు, వెట్టిచాకిరీ రద్దు, పల్లెల్లో అప్పులకు ఊరట, ఇలా ఉండేవి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో నిజంగానే వచ్చింది. ఆడా మగా ఒకే పనికి ఒకే కూలి అనే చట్టమూ ఆ ఏడాదిదే. అంగన్‌వాడీలకు మూలమైన పథకం, గ్రామీణ బ్యాంకులు, రెండూ 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. అంటే నోరు నొక్కిన కాలమూ, పట్టాలు ఇచ్చిన కాలమూ ఒకటే. దీన్ని ఎటు తిప్పి చూసినా గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది నాకు.

నాయన కథ ఇంకోలా ఉంటుంది. ఆయన పల్లె వదిలి కర్నూలు పాత బస్టాండు దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజింగుకు కుదిరాడు. సీసపు అచ్చులు గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటి ఏరి, తలకిందులుగా పేర్చి, పెళ్లి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, సినిమా కరపత్రాలు కట్టేవాడు. ఎమర్జెన్సీ వచ్చిన కొత్తలో మార్కెట్‌లో మూటలు మోసే హమాలీలు కూలి రేట్లు పెంచాలని ఒక కరపత్రం రాయించుకొచ్చారు. ఒక పేజీ, అందులో ఇందిరాగాంధీ పేరు కూడా లేదు. నాయన సాయంత్రానికి కట్టేశాడు. యజమాని వచ్చి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇప్పేయ్ రా" అన్నాడంట. పోలీసులు రాలేదు, ఏ ఆఫీసరూ ఫోన్ చేయలేదు, ఎవరూ ఏమీ అనలేదు. నాయన ఆ రాత్రి కూర్చుని కట్టిన అక్షరాలన్నీ ఒక్కొక్కటి విప్పి మళ్లీ ఎక్కడివక్కడ గళ్లల్లో వేశాడు. "కట్టేటప్పుడు చదవనురా నేను, చెయ్యి కడుతుంది. ఇప్పేటప్పుడు ఒక్కో అక్షరం చదివినాను" అనేవాడు. ఆ కరపత్రం పట్టుకొచ్చిన మేస్త్రీ తర్వాత తొమ్మిది నెలలు కనిపించలేదు. వచ్చాక ఎక్కడికి పోయినావని నాయన అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఢిల్లీలో 1975 జూన్ 25 రాత్రి పత్రికాఫీసులుండే రోడ్డుకు కరెంటు తీసేశారు, మర్నాటి నుంచి సెన్సారు. జయప్రకాశ్ నారాయణ్, మొరార్జీ దేశాయ్ మొదలుకొని ఊరూ పేరూ లేని కార్యకర్తల దాకా దేశమంతా లక్షమందికి పైగా లోపల పడ్డారు. 1976 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, ప్రాణానికి కూడా కోర్టులో దిక్కు లేదన్నంత పని చేసింది. ఐదుగురు జడ్జీల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు, తర్వాత ఆయన్ను దాటేసి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఉత్తరాదిలో కుటుంబ నియంత్రణ పేరుతో జరిగిన బలవంతపు ఆపరేషన్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇదంతా మొదలైంది ఎక్కడ అంటే, 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఇచ్చిన తీర్పు దగ్గర. 1971 రాయబరేలీ ఎన్నికల్లో ఒక ప్రభుత్వోద్యోగి రాజీనామా పూర్తిగా అమల్లోకి రాకముందే ఆమె ప్రచారం పనులు చూసుకున్నాడు, సభా వేదికలు అధికారులు కట్టించారు, అదీ నేరం. ఆమె ఆ రోజు రాజీనామా చేసి సుప్రీంకోర్టు తేల్చేదాకా ఇంకొకరిని కుర్చీలో కూర్చోబెట్టుంటే కథ వేరేగా ఉండేది.

కానీ కూర్చోబెట్టడానికి ఎవరున్నారు? నా వాదన అంతా ఇక్కడే ఉంది. నమ్మకంగా తాళం చేతికిచ్చి నాలుగు రోజులు పక్కకు జరగగలిగే మనిషిని ఒక్కరిని కూడా ఆమె తన చుట్టూ మిగల్చుకోలేదు. పైన తను ఉండాలి, కింద జనం ఉండాలి, మధ్యలో సొంత కాళ్ల మీద నిలబడేవాడు ఉండకూడదు. ఆమె రాజకీయం మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నడిచింది. ఇరవై సూత్రాల కంటే ముందుది ఇది.

ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి అని నేననను. 1966 జనవరిలో తాష్కెంట్‌లో శాస్త్రి గారు పోయాక పార్టీ పెద్దలు ఆమెను ఎంచుకున్నది తమ మాట వింటుందని. కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్, మన నీలం సంజీవరెడ్డి, ఈ జట్టునే సిండికేట్ అనేవాళ్లు. ఆమె మొరార్జీని 355కి 169 ఓట్లతో ఓడించి ప్రధాని అయింది. లోహియా అయితే మూగబొమ్మ అని ఎగతాళి చేశాడు. అదే ఏడాది రూపాయి విలువ తగ్గించాల్సి వచ్చింది, పార్టీలోనే తిట్లు. 1967లో కాంగ్రెస్ 283 సీట్లకు పడిపోయింది. చుట్టూ ముసలి సింహాలు, ఒక్కొక్కరికీ ఒక్కో రాష్ట్రం గుప్పిట్లో. ఆ పరిస్థితిలో ఉన్న ఆడమనిషి, అందులోనూ 1960లోనే భర్త పోయి, 1964లో తండ్రి పోయి ఒంటరిగా మిగిలిన మనిషి, ముందు నన్ను నేను కాపాడుకోవాలి అనుకోవడంలో తప్పేముంది? తర్వాత రోజుల్లో ఆమెను "కేబినెట్లో ఉన్న ఒకే ఒక్క మగాడు" అని మెచ్చుకునేవాళ్లు. మా ఆవిడ ఆ మాట విన్నప్పుడల్లా "అది పొగడ్త ఎట్లయితాది?" అంటుంది. నిజమే, నాకూ అర్థం కాదు.

1969 ఒక్క ఏడాది చాలు ఆమెను చదవడానికి. మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పోయాడు. బెంగళూరు సమావేశంలో పార్టీ పెద్దలు సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలబెట్టారు. ఆయన లోక్‌సభ స్పీకర్ పదవికి రాజీనామా చేసి బరిలోకి దిగాడు, ఆయన నామినేషన్ మీద ఇందిరాగాంధీ కూడా సంతకం పెట్టింది. కానీ సంజీవరెడ్డి రాష్ట్రపతి అయితే సిండికేట్ తనను దించేస్తుందని ఆమెకు తెలుసు. జులైలో మొరార్జీ దగ్గర ఆర్థికశాఖ లాగేసుకుంది. మూడు రోజులకు, జులై 19న, ఆర్డినెన్స్‌తో 14 బ్యాంకులు జాతీయం చేసింది. అంటే కొట్లాటను పదవుల గోల నుంచి పేదలు, పెద్దలు అనే గొడవలోకి లాగింది. అక్కడే ఆమె తెలివి. ఆ తర్వాత "అంతరాత్మ ప్రబోధం" ప్రకారం ఓటేయమంది. ఆ మాట అప్పట్లో మన తెలుగు పత్రికల్లో ఎంత నలిగిందంటే, నాయన పెద్దయ్యాక కూడా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే "మీ అమ్మ అంతరాత్మ ప్రబోధం ప్రకారం వేసింది" అనేవాడు. ఓట్ల లెక్కింపులో మొదటి ప్రాధాన్యంతో తేలలేదు, రెండో ప్రాధాన్యం కూడా లెక్కపెడితే వి.వి. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. గెలిచినాయనా తెలుగాయనే, ఓడినాయనా తెలుగాయనే. నవంబరులో పార్టీ రెండు ముక్కలైంది.

సంజీవరెడ్డి 1971 ఎన్నికల్లో ఓడిపోయి అనంతపురంలో వ్యవసాయం చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయన్ను దేవుణ్ని చేయాలని నాకు లేదు. ఆయనా సిండికేట్ మనిషే, తెర వెనక మంతనాలు ఆయనకూ కొత్తేమీ కాదు. కానీ ఆయన పల్లెలూ జిల్లాలూ తిరిగి, ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రిగా చేసి, కింది నుంచి ఎదిగిన మనిషి. అలాంటోళ్లకు సొంత ఊరుంటుంది, సొంత జనం ఉంటారు, ఢిల్లీలో ఎవరికైనా ఎదురు చెప్పగలరు. ఇందిరాగాంధీకి గిట్టనిది సరిగ్గా అదే.

1971లో "గరీబీ హఠావో" అంటూ జనం దగ్గరికి నేరుగా పోయింది, 352 సీట్లు వచ్చాయి. ఆ డిసెంబరు గురించి నాయన కూడా నోరెత్తడు. దాదాపు కోటిమంది తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చి పడితే, తొందరపడకుండా నెలలు ఆగి, ఆగస్టులో సోవియట్‌తో ఒప్పందం చేసుకుని, పడమటి దేశాలన్నీ తిరిగి మన బాధ చెప్పుకుని, డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన మీదికొచ్చాక పదమూడు రోజుల్లో ముగించింది. 93,000 మంది ఖైదీలు. అమెరికా యుద్ధనౌకను బంగాళాఖాతం వైపు పంపినా వెనక్కి తగ్గలేదు. "ఆ నెల్లో మాత్రం ప్రెస్సులో అందరం ఆమె మనుషులమే" అనేవాడు నాయన. ఆమె జీవితంలో నాకు బాగా నచ్చే సంగతీ అదే, అక్కడ ఆమె జనరల్ మానెక్ షా చెప్పింది విన్నది. సైన్యం సిద్ధం కావడానికి టైమ్ కావాలంటే ఇచ్చింది. తెలిసినవాడి మాట వినడం ఆమెకు చేతకాక కాదు, రాజకీయాల్లో మాత్రం విననిచ్చేది కాదు ఆమె భయం.

అదే 1971లో మన రాష్ట్రంలో బ్రహ్మానందరెడ్డి దిగిపోయాడు, ఢిల్లీ ఆశీస్సులతో పి.వి. నరసింహారావు వచ్చాడు. పెద్దపాడు దామోదరం సంజీవయ్య ఆ రోజుల్లో ఆమె వైపు కాంగ్రెస్‌కు అఖిల భారత అధ్యక్షుడు. దేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు ఆయన, 1960లో, అప్పటికి నలభై ఏళ్లు కూడా లేవు. 1972 మేలో పోయాడు. మా జేజి పట్టాకంటే పదిహేనేళ్ల ముందే భూమిలేని పేదలకు బంజర్లు పంచే పని ఆయన ముఖ్యమంత్రిగా చేశాడు. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది. జేజికి అసలు తెలియదు. కర్నూలుకు కూతవేటు దూరంలో పుట్టి భూములు పంచిన మనిషి పేరు జేజికి తెలియకపోవడం, ఎక్కడో అలహాబాద్‌లో ఆనంద భవన్‌లో పుట్టినామె ఇంటి మనిషైపోవడం, దీనికి జేజిని తప్పుపట్టలేం. పోస్టరు మీద ఒక్క బొమ్మకే చోటున్నప్పుడు ఎవరికైనా ఆ బొమ్మే కదా తెలిసేది.

1972లో కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది ఎప్పుడో తెలుసా? ఇరవై ఏళ్లకు, 1992 తిరుపతి ప్లీనరీ నాటికి, పి.వి. ప్రధానిగా ఉన్నప్పుడు. ఆయన అప్పుడు నంద్యాల ఎంపీ కూడా. ఆ ఇరవై ఏళ్లూ మండల స్థాయి లీడర్ నుంచి ముఖ్యమంత్రి దాకా అందరూ పైనుంచి దిగినవాళ్లే. సీల్డ్ కవర్, అంటే ముఖ్యమంత్రి పేరు ఢిల్లీ నుంచి అంటించిన కవర్లో రావడం, అనే మాట మన తెలుగువాళ్ల నోళ్లలో నానింది అప్పుడే. 1978 నుంచి 1983 లోపు మనకు నలుగురు ముఖ్యమంత్రులు, చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, చివరికి మన కోట్ల విజయభాస్కరరెడ్డి. కోట్లకు కర్నూలు జిల్లాలో సొంత బలం ఉంది, మంచిచెడ్డలు తెలిసిన మనిషి. కానీ 1982 సెప్టెంబరులో కవర్లో పేరొచ్చేసరికి ఇల్లు అంటుకుని సగం కాలిపోయింది, నాలుగు నెలలకు ఎన్టీఆర్ వచ్చేశాడు. అంతకుముందు బేగంపేట విమానాశ్రయంలో అప్పటికి ఒట్టి ఎంపీగా ఉన్న రాజీవ్ చేతిలో ముఖ్యమంత్రి అంజయ్య చీవాట్లు తిన్నాడు. ఆ ఒక్క సంఘటన తెలుగుదేశానికి ఎంత పని చేసిపెట్టిందో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి.

1977కు వద్దాం, మా ఇంటికి అది పెద్ద పండగ, పెద్ద గొడవ కూడా. ఎన్నికలు పెట్టమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు, ఆమే పెట్టింది, ఓడింది, దిగిపోయింది. హిట్లర్ ఫొటో పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతికైనా జవాబు చెప్పాలి. దేశమంతా ఆమెను ఊడ్చేస్తే, రాయబరేలీలో ఆమే 55 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు 42కి 41 సీట్లు వచ్చాయి. పోయిన ఆ ఒక్క సీటు ఏది? నంద్యాల. గెలిచింది ఎవరు? సంజీవరెడ్డి. మా పల్లె ఆ నియోజకవర్గంలోదే. జేజి ఆవు దూడకు, అంటే అప్పటి కాంగ్రెస్ గుర్తుకు, వేసింది. జేజినాయన, అంతవరకు జేజి చెప్పిన చోటే వేసిన మనిషి, సంజీవరెడ్డికి వేసి వచ్చి ఆ మాట రచ్చబండ మీద చెప్పుకున్నాడు. "ఆయప్ప మన సీమోడు, పెద్దమనిషిని పిల్చి అగుమానం చేసినారు" అన్నాడంట. భూమి ఇచ్చినామెకు కాదని ఇంకొకరికి వేస్తావా అని జేజి వారం రోజులు ఆయనకు సంగటి పెట్టిందే కానీ మాట్లాడలేదు. గిన్నె కింద పెట్టే చప్పుడు మాత్రం వీధి చివరికి వినిపించేదని మా మేనత్త ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ సంజీవరెడ్డే ఆ జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. 1980 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, 353 సీట్లతో తిరిగొచ్చిన ఇందిరాగాంధీ చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది ఆయనే. ఎవరిని రాష్ట్రపతి కానివ్వనని పంతం పట్టిందో ఆయన ముందే నిలబడి ప్రమాణం చదివింది. ఆ ఇద్దరి ముఖాల్లో ఏముందో అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. ఆమె ఆ మూడేళ్లలో తిన్న దెబ్బలు, లేచిన తీరు చూస్తే ఎవరైనా తల వంచాల్సిందే. 1977లో బిహార్‌లోని బెల్చీలో దళితులను చంపేస్తే, ఆ ఆగస్టులో, దారి బురదైపోయి జీపు పోకపోతే ఏనుగెక్కి పోయింది. 1978 మొదట్లో, కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న మన బ్రహ్మానందరెడ్డే ఆమెను పార్టీలోంచి తీసేశాడు. రెండు నెలలు తిరక్కుండానే హస్తం గుర్తుతో ఆంధ్రలో 175 సీట్లు గెలిచి చూపించింది. చిక్‌మగళూరు నుంచి లోక్‌సభకు పోతే సభ్యత్వం రద్దు చేసి తీహార్‌లో వారం పెట్టారు. 1980లో రాయబరేలీ, మెదక్ రెండింటా గెలిచి మెదక్ ఉంచుకుంది, చనిపోయేనాటికి ఆమె తెలుగుగడ్డ ఎంపీ.

జనం అంతలా ఇచ్చారు కదా, మరి ఆమె ఇచ్చింది జనానికి అందిందా అంటే, మళ్లీ జేజి దగ్గరికే పోవాలి. పట్టా వచ్చింది, కానీ హద్దులు చూపించడానికి కరణం దగ్గరికి తిరగాలి, ఆయన ఊరి రెడ్డి వైపు చూస్తాడు, రెడ్డి పొలం పక్కనే మా జేజి రాళ్లు. తర్వాత ఎనిమిదేళ్లకు బ్యాంకులో ఎనుము (గేదె) లోను వచ్చింది. బ్యాంకు మెట్లెక్కిన మొదటి మనిషి మా వంశంలో జేజే, అది 1969 చలవే, కాదనను. కానీ లోను ఇప్పించినవాడు ముందు తన వాటా తీసుకున్నాడు, ఎనుమును చూపించినవాడు ఒకటి చూపించి ఇంకొకటి తోలుకొచ్చాడు. చూపించిన ఎనుముకు కొమ్ములు వంకీలు తిరిగి ఉండేవంట, ఇంటికొచ్చినదానికి ఒక కొమ్ము సగమే. పాలూ సగమే. ఢిల్లీలో ఆమె తనకు అడ్డమనుకున్న పెద్దవాళ్లను అందరినీ తీసేసింది. ఊళ్లో మాత్రం మధ్యలో ఉండేవాడు ఎక్కడివాడక్కడే ఉన్నాడు, ఖద్దరు చొక్కా వేసుకుని ఆమె జెండానే పట్టుకుని మరీ. వాణ్ని అడగగలిగే పార్టీ మనిషి, తాలూకాలో గెలిచి తనకు తాను నిలబడినవాడు, ఉంటే కదా. పల్లెల్లో కరణం మునసబులను తీసేసిన ఖ్యాతి కూడా ఆమెది కాదు, 1984లో ఎన్టీఆర్‌ది.

ఆ 1984 గురించి తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. జూన్‌లో స్వర్ణదేవాలయంలోకి సైన్యం. జులైలో కాశ్మీర్‌లో ఫరూక్ అబ్దుల్లాను దించారు. ఆగస్టులో గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టాడు. నెల తిరిగేసరికి తప్పు దిద్దుకోక తప్పలేదు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ వచ్చాడు. ఆ నెలంతా ఊళ్లో పగలు బస్సులు తిరగలేదు, నాయన కర్నూలు నుంచి రాలేకపోయాడు. సొంత పార్టీలో మధ్యలో ఎవరూ ఉండకూడదనే జబ్బు ముదిరితే అవతలి పార్టీ ముఖ్యమంత్రి కూడా కళ్లలో నలుసులాగే కనిపిస్తాడు.

అక్టోబరు 31 నాకు కొద్దిగా గుర్తుంది. సాయంత్రం, రచ్చబండ దగ్గర రేడియో, ఎప్పుడూ పాటలొచ్చే వేళకు ఏవో విషాద వాయిద్యాలు. సొంత ఇంటి తోటలో సొంత కాపలాదారులే కాల్చేశారని ఎవరో చెప్తున్నారు. జేజి అరుగు మీద కూలబడిపోయింది. రొమ్ము కొట్టుకుని ఏడవలేదు, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు మాత్రం ధారలు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. జేజినాయన కూడా, 1977లో అంత గొడవపడిన మనిషి, పంచె కొంగుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. తెల్లారి జేజి ట్రంకు పెట్టె తెరిచి పట్టా బయటికి తీసి, పసుపు బొట్టు పెట్టి, మళ్లీ లోపల పెట్టింది.

రెండు నెలలు తిరగకుండానే ఎన్నికలొచ్చాయి. ఆ సానుభూతిలో దేశమంతా కాంగ్రెస్‌కు నాలుగొందల పైన సీట్లు కట్టబెట్టింది, ఆంధ్ర మాత్రం ఎదురు తిరిగి తెలుగుదేశానికి 30 ఇచ్చింది. ఓట్ల రోజు నాయన ఊరికొచ్చాడు. జేజి వేలి మీద సిరా చుక్క చూసి, హస్తానికే వేసుంటుందని ఖాయంగా అనుకుని, కొంచెం ఎగతాళిగానే అడిగాడు, "ఏమ్మా, వేసొచ్చినావా మీ ఇందిరమ్మకు?"

జేజి చేటలో కొర్రలు చెరుగుతా ఉంది. తలెత్తలేదు.

"సైకిలుకు ఏసినా."

నాయనకు కాసేపు మాట రాలేదు. రెండు రూపాయల బియ్యం కోసమా అన్నాడు. జేజి చేట ఒకసారి విసిరి పొట్టు ఎగరేసి, "బియ్యం కాదు, గియ్యం కాదు. ఆయమ్మ లేదు కదప్పా. ఆ చెయ్యెనక ఎవురుండారో నాకేం తెల్సు?" అంది.